తొంభై ఆరో పేజీ

మా దేశంలో ఈస్టర్ వారమంటే
మంచు, నారింజలు, హత్యలు.
ఎందుకలా అని ఎవరూ అడగరు.
పాలడబ్బా మీద కూడా ఒక శవం, ముగ్గురు అనుమానితులు,
ఎవరు చంపారో మూల మీద తలకిందులుగా.

నేనూ ఒకటి సర్దుకున్నాను,
ఉన్ని మేజోళ్ళ మధ్య, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.
లైట్‌హౌస్‌లో విషం తాగి పడి ఉన్న ఒక ముసలి కెప్టెన్.
నాలుగు వందల పన్నెండు పేజీలు, ఏడు రోజులు.
ఐవిండ్ కారు నడుపుతుంటే
వేళ్ళ మీద లెక్కేసుకున్నాను.

లెక్కలదేముంది.

హాలింగ్‌దాల్ కొండమీద మా చెక్క ఇంటికి
తలుపు సగందాకా మంచు. పార ఒక్కటే. చీకటి పడింది.
మర్నాడు గడ్డకట్టిన సరస్సుకు కన్నం వేసి
చుట్టూ నాలుగు గంటలు కూర్చున్నాం.
ఒకే ఒక్క చేప.
అదీ తూవ ఏడిస్తే వదిలేశాం.
చేతితొడుగులతో పేజీ తిరగదని అక్కడే తెలిసింది.
ముక్కుతో ప్రయత్నించాను.
బోర్గిల్ పిన్ని ఇంట్లో వేడి వేడి వాఫుల్స్, గోధుమరంగు జున్ను,
ఆవిడ మోకాలి ఆపరేషను ఆమూలాగ్రం
(ఆ కథలో హంతకుడు డాక్టరే).
బుధవారం యూర్న్ పన్ను ఊడి మంచులో పడింది.
తెల్లటి దాన్ని తెల్లటి దాంట్లో
ఆరుగురం పొద్దుగూకేదాకా వెతికాం.

అలా తొంభై ఆరో పేజీలో
ఓడ టికెట్టు గుర్తుపెట్టి నిద్రపోయాను.

పొద్దున టికెట్టు అక్కడే ఉంది.
తలకిందులుగా.

అంతేనా, నేనింకా అడుగుపెట్టని
నూట ముప్ఫై ఒకటో పేజీ అంచున
నల్లటి మరక ఒకటి. ఒక చుక్క కొవ్వొత్తి మైనం.

నవల పక్కన పెట్టి ఇంటిని చదవడం మొదలుపెట్టాను.
తూవ కాదు, దాని చూపు ఫోను దాటి రాదు.
ఐవిండ్ గురక తెల్లవార్లూ నా చెవిలోనే ఉంది,
అంతకంటే సాక్ష్యం ఏ కోర్టుకూ అక్కర్లేదు.
యూర్న్‌కు అక్షరాలింకా సగమే వచ్చు.
మిగిలింది మామగారు.
ఎనభై మూడేళ్ళు. పంచాంగం, వాతావరణం తప్ప ఏదీ చదవడు.
"అబద్ధాలు చదివే వయసు నాకింకా రాలేదు" అంటాడు.

కాఫీ పోస్తూ గాల్లోకి అడిగాను:
"కొవ్వొత్తులు ఎవరో తింటున్నారే?"
గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు.
ఈయన చేతులు రెండూ జేబుల్లోకి తోసేశాడు.
చెక్క స్కీలకు దేవదారు తారు పూసే మనిషి
ఈ కొండమీద ఇంకెవరున్నారు?

శుక్రవారం రాత్రి రెండింటికి
వంటింటి తలుపు కింద పసుపుగీత.
సందులోంచి చూశాను.
దుప్పట్లో కాళ్ళు, కంటికి భూతద్దం,
పుస్తకం చాచిన చేతి దూరంలో,
పెదాలు కదుపుతూ, ఒక్కో మాటా
చేపముల్లు తీసినట్టు తీసి తింటున్నాడు.
ఒకచోట "ఛీ, వెధవ" అన్నాడు, గట్టిగానే.

దొంగ దొరికాడు.
నేను చప్పుడు కాకుండా వెనక్కొచ్చి పడుకున్నాను.
మర్నాడు బల్లమీద కొత్త కొవ్వొత్తి పెట్టాను.
దాని గురించి ఇద్దరం మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో నేను రెండు వందల పన్నెండులో ఉన్నాను.
ముందు సీట్లో మామగారు
మలుపు దగ్గర కరుగుతున్న మంచును చూస్తూ చూస్తూ
ఉన్నట్టుండి అనేశాడు:
"ఆ మందుల షాపువాణ్ణి నేను మొదట్నుంచీ నమ్మలేదు."

"ఏ మందుల షాపు, నాన్నా?" అన్నాడు ఐవిండ్.

ఎవరూ పలకలేదు.
నా రెండు వందల పేజీలు
ఒక్క మాటతో బూడిదైపోయాయి.
ముందు ఆయన చెవులు ఎర్రబడటం కనిపించింది.
కాసేపటికి సీట్ల మధ్యనుంచి
ఒక చెయ్యి మెల్లగా వెనక్కొచ్చింది,
నారింజ తొనతో.
క్షమాపణో, లంచమో.
తొన మీద నల్లగా బొటనవేలి ముద్ర.

తినేశాను.
సాక్ష్యం మిగల్లేదు.